మంచమూ, బల్లా, పీటా

ఒక ఇంటి బీదరికాన్ని మనం దేన్నిబట్టి కొలుస్తాం? పొయ్యి చూస్తాం, వెలిగిందా లేదా అని. కప్పు చూస్తాం, కారుతుందా అని. ఒంటి మీద బట్ట చూస్తాం. కూడు, గూడు, గుడ్డ అని పెద్దలు మూడు మాటల్లో ముడివేసి పెట్టారు కాబట్టి, ఆ మూడూ అందితే ఇక ఆ ఇంటికి లోటేమీ లేదనుకుని చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేస్తాం. ఆ గూటిలోపల పిల్లవాడు దేని మీద పడుకుంటున్నాడు, దేని మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాడు, తన పెన్సిలో గోలీలో ఎక్కడ దాచుకుంటున్నాడు అని అడిగేవారు అరుదు. అడిగితే నవ్వేవారు కూడా ఉన్నారు. "కడుపు నిండితే చాలదటండీ, కుర్చీలూ బల్లలూ కూడా కావాలా?" అంటారు.

ఈ వారం ఆ నవ్వును గురించే కాసేపు ఆలోచిద్దాం. మంచమూ బల్లా లేకపోవడం వట్టి లోటా, లేక అన్యాయమా? వట్టి లోటయితే జాలిపడి ఊరుకోవచ్చు. అన్యాయమయితే ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి ఉంటుంది. మాటలో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని పర్యవసానంలో చాలా పెద్దది సుమా!

ముందు లెక్కల సంగతి. 2011 జనాభా లెక్కల సందర్భంగా ఇంటింటికీ వచ్చిన ఉద్యోగి రేడియో ఉందా, టీవీ ఉందా, కంప్యూటరుందా, ఫోనుందా, సైకిలు, స్కూటరు, కారు ఉన్నాయా అని అడిగి రాసుకున్నాడు. మంచం ఉందా అని అడగలేదు. నీతి ఆయోగ్ వారి బహుముఖ పేదరిక సూచీలో 12 అంశాలున్నాయి. ఆస్తులనేది వాటిలో ఒకటి. ఆ ఆస్తుల వరసలోనూ టీవీ, సైకిలు, ఫ్రిజ్జు వంటివి కనిపిస్తాయి గాని బల్ల, కుర్చీ కనిపించవు. ఉన్నంతలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నయం. పరుపు, కుర్చీ, మంచం, బల్ల ఉన్నాయా అని అది అడుగుతుంది. అయితే అడిగేది ఇంటికి ఉందా అని. ఇంట్లో ఎవరికి ఉందని కాదు. ఆరుగురున్న ఇంట్లో ఒక్క మంచం ఉంటే, మంచం ఉన్న ఇల్లని రాసేసుకుంటారు. ఆ మంచం మీద దగ్గుతున్న తాతయ్య పడుకుంటాడు. లేదా రెండు బియ్యం బస్తాలూ, ఉతికిన బట్టల మూటా పడుకుంటాయి. పిల్లలు మాత్రం దాని కిందో, దాని పక్కనో నేల మీద.

ఇక దూరదేశపు మాట. బ్రిటన్‌లో బర్నార్డోస్ అనే బాలల సంస్థ 2023లో ఒక నివేదిక వేసింది. ఆ దేశంలో సొంత పడక లేక నేల మీదో, ఇంకొకరి పక్కలోనో పడుకుంటున్న పిల్లలు పది లక్షలకు పైగా ఉంటారని అందులో అంచనా. అక్కడివారు దాన్ని పడక పేదరికమని పేరు పెట్టి పత్రికల్లో రాశారు, చట్టసభల్లో మాట్లాడారు. అంతకుముందు 2012లో ఐక్యరాజ్యసమితి బాలల నిధి ఐరోపా దేశాల పిల్లల లేమిని కొలవడానికి 14 అంశాల పట్టిక ఒకటి వాడింది. మూడు పూటల తిండి, రెండు జతల బూట్లు అనే వరసలోనే, ఇంటిపని చేసుకోవడానికి చోటూ వెలుతురూ ఉన్న నిశ్శబ్దమైన జాగా అనే అంశం కూడా ఉంది.

ఇది చదివితే మనవాళ్లకు వెంటనే తోచే మాట ఒకటుంది. "వాళ్లది చలిదేశం. నేల మీద పడుకుంటే కొయ్యబారిపోతారు. మనది అలా కాదే! మన తాతముత్తాతలు నేల మీద కూర్చుని తిన్నారు, నేల మీద కూర్చుని చదివారు, చాప మీద పడుకున్నారు. మహాపండితులూ అలాగే తయారయ్యారు. మనకు లేని అవసరాన్ని తెచ్చిపెట్టడం దేనికి?" ఇది తేలిగ్గా తోసిపుచ్చవలసిన మాట కాదు. ఇందులో నిజముంది. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడంలో ఆరోగ్యమూ ఉంది, అందమూ ఉంది. అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నప్పుడు సమానత్వమూ ఉంది.

కానీ ఆ తాతముత్తాతల ఇంట్లోకి ఒక్కసారి తొంగిచూడండి. వారు నేల మీదే కూర్చున్నా, వట్టి నేల మీద కూర్చోలేదు. భోజనానికి పీట ఉండేది. షావుకారుకి ఒళ్లో పెట్టుకుని రాసుకోవడానికి ఏటవాలు మూత ఉన్న గల్లాపెట్టె ఉండేది. గ్రంథం చదివే పండితుడికి వ్యాసపీఠం ఉండేది. వీధరుగు మీద పట్టెమంచం, లోపల భోషాణం, గోడలో గూళ్లు, దూలానికి ఉయ్యాలబల్ల, అటక మీద అదనపు సామాను ఉండేవి. అంటే నేలమీది బతుక్కి కూడా దానికి తగిన కొయ్యసామాను ఉండేదన్నమాట. అది ఉన్నవాళ్లకు ఉండేది. లేనివాళ్లకు నేల ఒక్కటే ఉండేది. ఉన్నవారి ఇంటి పద్ధతిని చూపించి లేనివారి లేమిని సంప్రదాయమని పిలవడం న్యాయమేనా?

అదీగాక, కోరి తెచ్చుకున్న పేదరికం వేరు, నెత్తిన పడ్డ పేదరికం వేరు. అస్సీసీ ఫ్రాన్సిస్ కటికనేల మీద పడుకున్నాడు. బట్టల వర్తకుడైన తండ్రి ఇంట్లో మెత్తని పరుపు వదులుకుని పడుకున్నాడు. ఉపవాసమున్నవాడి కడుపూ, పస్తున్నవాడి కడుపూ ఒకేలా మాడవచ్చు గాని, ఒకడు సాయంత్రం కంచం ముందు కూర్చుంటాడు, రెండోవాడికి కంచం ఎదురుకాదు. చాపా మంచమూ రెండూ ఉండి చాపను కోరుకున్న పిల్లవాడికి లోటు లేదు. చాప ఒక్కటే, అదీ నలుగురికి ఒకటే ఉన్న పిల్లవాణ్ణి ఆ మాటతో ఓదార్చలేము.

అవసరమనేది ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు ఆర్థికశాస్త్రానికి ఆద్యుడనదగిన ఆడమ్ స్మిత్ 1776లోనే ఒక దారి చూపించాడు. నారబట్ట చొక్కా లేకపోతే ప్రాణం పోదు, పూర్వం గ్రీకులూ రోమన్లూ అది లేకుండానే హాయిగా బతికారు. అయినా తన కాలంలో ఒక కూలివాడు అది లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు గనుక అది అవసరమే అన్నాడు. మన అమర్త్యసేన్ ఆ ఉదాహరణనే పట్టుకుని, సిగ్గుపడకుండా నలుగురిలో మసలగలగడం కూడా మనిషికి ఉండవలసిన శక్తుల్లో ఒకటని వివరించాడు. ఆ కొలతతో చూడండి. ఇంటికి పంతులుగారో, నర్సమ్మగారో వస్తే పిల్లను పక్కింటికి పరుగెత్తించి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించే ఇళ్లు మన పల్లెల్లో ఎన్ని లేవు? ఆ పిల్ల కుర్చీని నెత్తిన బోర్లించుకుని వస్తూ ఏమనుకుంటుందో మనం అడగం. సొంతంగా రెండు కుర్చీలున్న ఇంట్లోనూ అవి ఒకదాంట్లో ఒకటి దూర్చి మూలన నిలబెట్టి ఉంటాయి. వచ్చేపోయేవారి కోసం. పిల్లలు ఎక్కితే కసురుకుంటారు. అలా పెరిగిన పిల్లలకు కుర్చీ అంటే తనది కాని వస్తువు, తనకంటే పెద్దవాళ్లది.

ఈ మాట కొంచెం లోతుగా తవ్వాలి. మన ఊళ్లలో మంచం ఎన్నడూ వట్టి మంచం కాదు. ఆసామి వీధి వెంట వస్తుంటే మాలపల్లెలో, మాదిగపల్లెలో మంచం మీద కూర్చున్న ముసలివాడు దిగ్గున లేచి నిలబడవలసిన రోజులు మన తాతల నాటివేమీ కావు. ఇల్లు ఎవరిది, మంచం ఎవరిది, నులక ఎవడు పేనాడు అన్న ప్రశ్నే లేదు. కూర్చునే హక్కు మాత్రం ఇంకొకడిది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. దానికి ముందరి నెలలో మొదలైన గొడవకు మూలం సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పెత్తందారీ కులానికి చెందిన ఇంకొకడికి తగలడం! ఎక్కడ కూర్చున్నావు, ఎలా కూర్చున్నావు అన్నది ప్రాణాల మీదికి తెచ్చిన గడ్డ మనది. తొలినాళ్ల సంఘాల్లోనూ ఈ జాడ్యం ఉన్నట్టే ఉంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి ఆసనం చూపి, మాసిన గుడ్డలవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చోమనడం తప్పని యాకోబు తన లేఖలో గట్టిగానే మందలించాడు. కాబట్టి "నేల మీద కూర్చుంటే ఏం?" అని అడిగేవారు, ఆ మాట ఎవరు ఎవరితో అంటున్నారో ఒక్కసారి చూసుకోవాలి.

పరువు మాట అలా ఉంచుదాం. ప్రాణం మాట చూద్దాం. కట్లపాము మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అది రాత్రి తిరిగే పాము. ఎలుకల కోసం, ఇతర పాముల కోసం వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తుంది. నేల మీద పడుకున్నవారి పక్కలోకి చేరుతుంది, నిద్రలో కదిలితే కరుస్తుంది. దాని కాటుకి నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. చీమో దోమో అనుకుంటారు. తెల్లవారేసరికి బిడ్డ కడుపునొప్పి అంటాడు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. తల్లి అజీర్తి అనుకుని వాము నీళ్లు పడుతూ ఉంటుంది. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటు వల్ల పోయినవారు దాదాపు 12 లక్షలని, అంటే ఏడాదికి 58 వేలని పరిశోధకులు అంచనా కట్టారు. వారిలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఇవన్నీ మంచం లేక పోయిన ప్రాణాలని నేననడం లేదు. చాలా కాట్లు చేలగట్ల మీద, కోతల్లో, కళ్లాల్లో పడ్డవే. కానీ కట్లపాము విషయంలో వైద్యులు చెప్పే జాగ్రత్త ఒకటే: నేల మీద పడుకోకండి, ఎత్తైన మంచం మీద పడుకోండి, తప్పనిసరైతే దోమతెర అంచులు చాప కిందికి దోపి పడుకోండి. అడుగున్నర ఎత్తు! ఆ అడుగున్నర ఎత్తు ఒక ఇంట్లో ఉంది, పక్కింట్లో లేదు. ఇది అలవాటు సంగతి అనగలమా? వానాకాలం చెమ్మ ఎక్కే నేల మీద పడుకునే పసివాళ్ల దగ్గూ, జలుబూ సంగతి తల్లులందరికీ తెలుసు గనుక ఇక్కడ విస్తరించను.

ఇప్పుడు చదువు. పల్లెటూరి బళ్లలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక ఒక మాట ధైర్యంగా చెప్పగలను. నోటుపుస్తకం చూసి ఇల్లు చెప్పవచ్చు. చాప మీద కాగితం పెట్టి రాసిన పిల్లవాడి అక్షరాల్లో చాప అల్లిక కనబడుతుంది. గీతకు గీతకు మధ్య పెన్ను కిందికి దిగి కాగితం చిల్లు పడుతుంది. అలికిన నేల మీద పెట్టిన పుస్తకానికి అడుగు అట్ట ముందుగా మెత్తబడి ఊడిపోతుంది. బోర్లా పడుకుని రాసేవాడి అక్షరాలు పేజీ చివరికి వచ్చేసరికి పెద్దవైపోతాయి. మోచేతులు నొప్పెట్టి తొందరపడతాడు కాబట్టి. వీడికి శ్రద్ధ లేదని దస్తూరీకి మార్కులు కొట్టేసే ఉపాధ్యాయులను చూశాను. శ్రద్ధ ఉంది. దాని కింద బల్ల లేదు.

బడి సంగతి కొంత మారింది, అది ఒప్పుకోవాలి. మా కాలంలో ప్రాథమిక పాఠశాలలో బెంచీ అంటే పై తరగతుల వైభవం. పదో తరగతి పరీక్షలు వరండాల్లో నేల మీద కూర్చుని అట్ట ఒళ్లో పెట్టుకుని రాసిన బ్యాచులు ఎన్నో. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పనుల్లో మరుగుదొడ్లు, మంచినీళ్లతో పాటు పిల్లల బల్లలు కూడా చేర్చారు. తొలి విడతలోనే 15,715 బళ్లు ఉన్నాయి. తెలంగాణలో 2022 మార్చిలో మొదలుపెట్టిన మన ఊరు - మన బడిలోనూ ఫర్నిచరు ఒక అంశం. ఏ ప్రభుత్వం ఎంత చేసిందన్న వాదులాట ఈ పత్రిక పని కాదు. నాకు కావలసింది ఒక్కటే. బడిలో పిల్లవాడికి బల్ల ఉండాలని రాజ్యం ఒప్పుకుంది. బల్ల అక్కర్లేని విలాసమయితే ఇంత ఖర్చెందుకు? అవసరమయితే, సాయంత్రం నాలుగు గంటలకు బడి గంట కొట్టగానే ఆ అవసరం ఎలా తీరిపోతుంది? 2020లో మహమ్మారి వల్ల బళ్లు మూతపడి పాఠాలు టీవీల్లోకి, ఫోన్లలోకి వచ్చినప్పుడు ఇల్లే తరగతి గది అయింది. అప్పుడు ఫోను లేని పిల్లల గురించి అందరూ మాట్లాడారు. కూర్చునే చోటు లేని పిల్లల గురించి మాట్లాడినవారు తక్కువ.

సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, మిషన్ బోర్డింగుల్లో చదివినవారికి రేకు ట్రంకుపెట్టె అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. చాలామంది బీద పిల్లలకు జీవితంలో తొలి ఫర్నిచరు అదే. రాత్రి దుప్పటి మడిచి దాని మీద వేస్తే తలగడ, పగలు పుస్తకం పెడితే బల్ల, కాలు నొప్పెడితే పీట. అన్నిటికంటే ముఖ్యం, దానికి తాళం. ఇంటి దగ్గర తనది అంటూ ఏదీ లేని పిల్లవాడికి మెడలో తాళంచెవి దారంతో వేలాడుతుంటే ఎంత గర్వమో! అందులో ఏముంటాయి? రెండు జతల బట్టలు, అమ్మ పంపిన జంతికలు, ఒక ఉత్తరం, ఎవరో ఇచ్చిన రంగు పెన్సిలు. ఆ పెట్టె లోపల మాత్రం ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. మనిషికి తనలోపల కొంత చోటు ఉండాలంటే బయట కూడా జానెడు చోటు ఉండాలనిపిస్తుంది నాకు. దాచుకోవడానికి చోటు లేనివాడు దేన్నీ దాచుకోవడం నేర్చుకోడు, వస్తువునైనా, మాటనైనా.

బైబిలు చదివేవారికి రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలోని షూనేము ఇల్లాలు గుర్తుండే ఉంటుంది. తన ఊరి మీదుగా వచ్చిపోయే ఎలీషా ప్రవక్తకు ఆమె మొదట భోజనం పెట్టింది. అక్కడితో ఆగలేదు. పెనిమిటితో చెప్పి మేడ మీద చిన్న గది కట్టించి, అందులో ఏమేమి పెట్టించింది? పడుకోవడానికి మంచం, బల్ల, కూర్చోవడానికి పీట, వెలుతురుకి దీపం. నాలుగే వస్తువులు. బంగారం లేదు, పట్టు లేదు. ఒక మనిషి అలసట తీర్చుకోవడానికి, చదువుకోవడానికి, కాస్త ఒంటరిగా ఆలోచించుకోవడానికి ఏం కావాలో ఆమె తన బుర్రతో ఆలోచించి ఆ జాబితా వేసింది. ప్రవక్త గనుక ఎక్కడైనా పడుకుంటాడులే అనుకోలేదు. కలిగినామె గనుక చేయగలిగింది, నిజమే. కానీ కలిగినవారందరికీ ఆ ఆలోచన రాదు.

ఇక్కడ మరో అభ్యంతరం వస్తుంది. నేను దీన్ని మన చదువుకున్న మిత్రుల నోట ఎక్కువగా విన్నాను. "టీవీ కొన్నారు, సెల్‌ఫోను కొన్నారు, నెలనెలా రీచార్జి చేయిస్తున్నారు. పిల్లవాడికి బల్ల కొనడానికి డబ్బుల్లేవా? తల్లిదండ్రుల నిర్లక్ష్యం కాదూ?" కొందరి విషయంలో నిర్లక్ష్యమే కావచ్చు. తాగి తగలేసే తండ్రులు లేరని నేననను. కానీ ఫోను జేబులో పడుతుంది, టీవీ గోడకు తగులుకుంటుంది. బల్ల నేలను తింటుంది. 2011 లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒక్క గదిలో ఉంటున్నాయి, మరో నాలుగు కుటుంబాలకు ప్రత్యేకమైన గదంటూ లేదు. పదడుగుల గదిలో పగలు వంట, రాత్రి పడక. ఒక మంచమూ ఒక బల్లా వేస్తే అయిదుగురు పడుకునే నేల సగం పోతుంది. మా విచారణ పొలిమేరలోని ఒక పల్లెలో ఒక తల్లిని ఇదే ప్రశ్న అడిగితే, "మంచం వేస్తే ఇద్దరు పడుకుంటారు, తీసేస్తే అయిదుగురం పడుకుంటాం పంతులుగారూ" అంది. లెక్కలు ఆమెకే బాగా వచ్చు.

కాబట్టి ఈ ప్రశ్న కొయ్యతో మొదలై జాగాతో ముగుస్తుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో పల్లెటూరి ఇంటికి కనీస విస్తీర్ణం వంటకు చోటుతో కలిపి 25 చదరపు మీటర్లన్నారు. అంతకుముందు 20 ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పంచిన ఇళ్లస్థలాలు పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర. గుడిసె కంటే పక్కా ఇల్లు ఎన్నో రెట్లు మేలు, దాన్ని కాదనేవాడు ఎప్పుడూ గుడిసెలో తడిసి ఉండడు. కానీ ఇల్లు గీసే ఇంజనీరు కాగితం మీద తలుపూ కిటికీ గీస్తాడు, మంచం గీయడు. గీస్తే తెలిసేది, అది పట్టదని. ఇక ఇల్లే లేకుండా తిరిగేవారి మాట చెప్పనే అక్కర్లేదు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు ఏటా చలికాలంలో వచ్చే కుటుంబాలు, పాలమూరు నుంచి పనులకు ఊళ్లు పట్టుకుని పోయే కుటుంబాలు, నగరాల్లో మేడలు కట్టే కూలీలు, వీరి ఇంటి సామాను అంతా ఒక మూటలో పట్టాలి. మూటలో పట్టని వస్తువు వారికి వస్తువు కాదు. ఇటుకలు మోసే తల్లి పక్కన, ఇటుకల మీదే కూర్చుని ఆడుకునే పిల్లలను చూస్తే, ఆ ఇటుకలతో కట్టిన ఇళ్లలో వారికి పీట ఎవరు వేస్తారు అనిపిస్తుంది.

అష్టకష్టాలు పడి కొంత సామాను కూర్చుకున్నవారి సంగతి 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో చూశాం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీరు తీశాక వీధులకిరువైపులా గుట్టలుగా పడేసింది ఏమిటనుకున్నారు? ఉబ్బిపోయిన చెక్కపొడి అలమరాలు, బురద తాగి బరువెక్కిన దూది పరుపులు, పిల్లల పుస్తకాలు. టేకు నీళ్లలో నానినా ఆరి నిలబడుతుంది. వాయిదాల మీద కొన్న చెక్కపొడి బల్ల ఒక్క రాత్రికే ఉప్మాలా విచ్చుకుంటుంది. వస్తువు పోయినా వాయిదా పోదు. మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25 వేల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. మంచిదే. ఆ డబ్బుతో ఇంటాయన ముందు ఏం కొంటాడు? పొయ్యి, తర్వాత మోటారు సైకిలు మరమ్మతు, ఎందుకంటే కూటికి దారి అదే. పిల్లల బల్ల వంతు వచ్చేసరికి చెయ్యి ఖాళీ. దీన్ని తప్పని ఎవరంటారు? కానీ ప్రతి ఇంట్లోనూ ప్రతిసారీ చివరి వంతు పిల్లలదే అవుతుంటే, అది ఆ ఇంటి పెద్ద చేసిన ఎంపికగా కనిపిస్తున్నా ఎంపిక కాదు. లోటు అన్యాయంగా మారేది ఇక్కడేనని నా అభిప్రాయం. ఒకడి దగ్గర లేకపోవడం లోటు. ఎంత కష్టపడినా అతని పిల్లల వంతు రాకుండా ఏర్పాటు చేసిపెట్టిన సంఘం, అది మాత్రం లోటు కాదు.

మరి మనం చేయగలిగిందేమిటి? మొదట, చేయకూడనిది చెబుతాను. ఇల్లు మారేటప్పుడూ, కొత్త సోఫా కొన్నప్పుడూ మనకు హఠాత్తుగా పేదవారు గుర్తొస్తారు. కాలు విరిగిన కుర్చీ, మధ్యలో గుంటపడిన పరుపు, ఎవరో పోయిన మంచం. పోయినవారి పక్కబట్టలు, మంచం ఇంట్లో ఉంచుకోవడానికి మనసొప్పక ఇచ్చేయడం మన దేశంలో చాలామందికి ఆనవాయితీ. హైందవ సోదరుల్లో శయ్యాదానమని దానికొక క్రతువే ఉంది. అందులో భక్తి ఉంది, కాదనను. కానీ చచ్చినవారి మంచాలే బతికిన పిల్లలకు దక్కుతుంటే ఆలోచించవద్దా? పైగా ఆరున్నర అడుగుల డబుల్ కాట్ ఆ ఇంటి తలుపులో నుంచి దూరదు. దూరినా గదిలో నడవడానికి ఉండదు. చివరికి అది వీధిలో ఎండకు ఎండి వానకు తడిసి పొయ్యిలోకి పోతుంది. ఇచ్చినవారు మాత్రం "ఇస్తే తగలేసుకున్నారు" అంటారు. ఇచ్చేముందు ఇల్లు చూశారా?

ఇల్లు చూడటమనే ఈ పనిని 1833లో పారిస్ నగరంలో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే విద్యార్థీ, అతని మిత్రులూ ఒక పద్ధతిగా పెట్టుకున్నారు. విన్సెంట్ దె పాల్ సభ అలా పుట్టింది. ఆ సభవారు బీదవారి ఇంటికి ఇద్దరుగా వెళ్లి, కూర్చుని, మాట్లాడి, అప్పుడు ఏం కావాలో తెలుసుకుంటారు. అనేక దేశాల్లో వారు మంచాలు, పరుపులు, బల్లలు సమకూరుస్తున్నారు. మన విచారణల్లో బియ్యం, దుప్పట్లు, పుస్తకాలు పంచడం చూస్తాం. నలుగురినీ వరసలో నిలబెట్టి, ఫోటో తీయించి పంచవచ్చు గనుక అవి సులువు. బల్ల అలా కాదు. దానికి ఇంటికి వెళ్లాలి, గోడ ఎంత పొడవుందో చూడాలి, వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూడాలి, పిల్ల ఎంత ఎత్తుందో చూడాలి.

నేననేది పెద్ద ఖర్చు మాట కాదు. నేల మీద కూర్చుని రాసుకునే ఏటవాలు బల్ల, వెనకటి గల్లాపెట్టె లాంటిదే. ఊళ్లో వడ్రంగి ఒక పూటలో చేస్తాడు. కాళ్లు మడిచి గోడకు మేకు కొట్టి తగిలించుకునేట్టు చేయిస్తే పగలు నేల ఖాళీగానే ఉంటుంది. మూత కింద చిన్న అర, దానికి గొళ్లెం, తాళం పెట్టుకునేందుకు. చెక్కపొడి అట్ట వాడవద్దు, వేప గాని, తుమ్మ గాని, దొరికితే పాత తలుపు చెక్క గాని వాడండి. కొలత తీసేటప్పుడు పిల్లను బాసింపట్టు వేయించి కూర్చోబెట్టి, మోచేయి మడిచినప్పుడు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడాలి. మూడు నాలుగేళ్లకు ఆ కొలత మారుతుంది. అప్పుడు కాళ్లకు అంగుళమో రెండంగుళాలో ముక్క కలపవచ్చు, లేదా అది తమ్ముడికి వస్తుంది, అక్కకు ఇంకొకటి చేయించాలి.